పాత కథలు మళ్ళీ చెప్పడం, ఫోన్‌లో దొరికిన ‘బాల్నా’

కావలి శైలు

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నా, చర్చ మొదలుపెట్టడం మాత్రం ఇదే మొదటిసారి.

తెలిసిన కథనే ఇంకొకరు తమ పద్ధతిలో మళ్ళీ చెబితే చదవడం నాకు మహా ఇష్టం. సిండ్రెల్లా కథ సవతి అక్క చెబితే ఎలా ఉంటుంది, ఎర్రటోపీ పిల్ల కథ తోడేలు చెబితే ఎలా ఉంటుంది, అలాంటివి. ముగింపు ముందే తెలిసిపోయాక ఇంకేం చదువుతావు అని మా ఇంట్లో అడుగుతారు. నాకు ఆసక్తి మొదలయ్యేదే అక్కడ. పన్నెండు కొట్టగానే ఆ పిల్ల పరిగెత్తుతుందని తెలుసు. ఈసారి ఎందుకు పరిగెత్తుతుంది? భయంతోనా, తన చిరుగుల బట్టలు ఎవరైనా చూస్తారన్న సిగ్గుతోనా, రాకుమారుడు నచ్చకనా? ఆ ఒక్క జవాబు కోసం మూడొందల పేజీలు కూడా చదివేస్తాను.

ఇన్నాళ్ళూ ఇలాంటి పుస్తకాలు కావాలంటే చెన్నై వెళ్ళేవాళ్ళతో తెప్పించుకునేదాన్ని. ఈ మధ్య మా తమ్ముడు నా ఫోన్‌లో ఈ-పుస్తకాలు చదివే యాప్ వేసి, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైటు చూపించాడు. కాపీరైటు తీరిపోయిన పాత పుస్తకాలన్నీ అక్కడ ఉచితం. పిల్లలు పడుకున్నాక లైటు తీసేసి చదువుకుంటున్నా.

అలా వెతుకుతుంటే జోసెఫ్ జేకబ్స్ అనే ఆయన 1892లో తెచ్చిన భారతీయ కథల పుస్తకం కనిపించింది. అందులో ‘పంచ్‌కిన్’ అని ఒక కథ. పేరు చూసి ఏదో తెల్లవాళ్ళ కథ అనుకుని తెరిచాను. ఒక రాజుకు ఏడుగురు కూతుళ్ళు. ఆఖరి అమ్మాయి పేరు బాల్నా. ఒక మాంత్రికుడు ఆమె భర్తను రాయిగా మార్చేసి, ఆమెను చిన్న నల్ల కుక్కగా చేసి ఎత్తుకుపోతాడు. పెళ్ళికి ఒప్పుకోలేదని గోపురంలో పెడతాడు. ఉయ్యాల్లో వదిలేసి వచ్చిన కొడుకు పెద్దవాడై, పూల మాలి కూతురి వేషం వేసుకుని తల్లి దగ్గరికి చేరతాడు. మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో తల్లి తెలివిగా రాబడుతుంది. ఎక్కడో అడవిలో, తాటిచెట్ల నడుమ, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆరు నీళ్ళ కుండల కింద, పంజరంలో, పచ్చ చిలకలో!

లేచి కూర్చున్నాను. ఇది మా నాయనమ్మ చెప్పిన బాలనాగమ్మ కథే కదా! కుక్కగా మార్చడం, భర్త రాయి కావడం, కొడుకు వెతుక్కుంటూ రావడం, చిలకలో ప్రాణం, అన్నీ అవే. పేరు కూడా సగం అదే. చివర్లో ఆ పిల్లాడు చిలక రెక్క పీకితే మాంత్రికుడి చెయ్యి ఊడి పడుతుంది. ఆ చోట నాయనమ్మ గొంతు ఎలా పెద్దదయ్యేదో నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మీలో ఇలాంటివి చదివేవాళ్ళు ఉన్నారా? ఏవి బాగుంటాయి? తెలుగులో ఈ-పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

పెన్నా గాలి (నెల్లూరు)

స్వాగతం శైలు గారూ. బలే పట్టారు. జేకబ్స్ ఆ కథను ఇంకో పుస్తకం నుంచి తీసుకున్నాడు. మేరీ ఫ్రియర్ అని, బొంబాయి గవర్నరు బార్టిల్ ఫ్రియర్ కూతురు. ఆమె 1868లో దక్కను కథల పుస్తకం వేసింది. ఆ కథలు ఆమెకు చెప్పింది వాళ్ళ ఇంటి ఆయా, అన్నా లిబరాటా డిసౌజా. అన్నాకు చెప్పింది వాళ్ళ అవ్వ. అంటే మీరు కావలిలో ఫోన్‌లో చదివింది ఒక అవ్వ నోటి కథే. మధ్యలో దొరసాని, లండన్ ప్రెస్సు, ఇంకో సంపాదకుడు వచ్చారు, అంతే.

ఈ చిలకలో ప్రాణం సంగతి మన ఒక్కరిదే కాదు. రష్యావాళ్ళకు కొష్చెయ్ అని చావులేని మాంత్రికుడున్నాడు. వాడి చావు సూదిమొనలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో. నార్వేలో గుండె ఒంట్లో లేని రాక్షసుడు ఒకడున్నాడు. వీటన్నిటికీ పండితులు ఒకటే నంబరు వేశారు, 302. ఫిన్లాండ్ ఆయన ఆర్నే 1910లో మొదలుపెట్టిన జానపద కథల రకాల పట్టిక అది. తర్వాత థాంప్సన్, 2004లో ఉథర్ పెంచారు. సిండ్రెల్లా నంబరు 510ఏ. ఏదైనా కథ నచ్చితే దాని నంబరు పట్టుకుని వెతకండి, చుట్టాలందరూ బయటకొస్తారు.

కందుకూరు మాస్టారు

అమ్మా శైలూ, నీ ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది. బాలనాగమ్మను నేను మా ఊళ్ళో బుర్రకథగా విన్నాను, వీధి నాటకంగానూ చూశాను. తెల్లారేదాకా ఆడేవాళ్ళు. మాయల ఫకీరు వేషగాడు రంగం మీదికొస్తే పిల్లలం ఒకళ్ళ వెనక ఒకళ్ళం దాక్కునేవాళ్ళం.

కానీ ఒక మాట చెప్పాలి. ఇప్పుడొచ్చే ఈ కొత్త చెప్పుడులో నాకు నచ్చనిదొకటుంది. దుర్మార్గుడికల్లా ఒక కన్నీటి గతం తగిలిస్తున్నారు. మంత్రగత్తె చిన్నప్పుడు ఎవరో కొట్టారు, రాక్షసుణ్ణి ఎవరో ప్రేమించలేదు, అందుకే అలా అయ్యారంటారు. రేపు ఫకీరుకు కూడా అలాగే రాస్తే, ఏళ్ళ తరబడి మగ్గిపోయిన బాలనాగమ్మ గతి ఏం కావాలి? ముందు అసలు కథ చదవాలి, మనసులో నాటుకోవాలి. ఆ తర్వాతే మిగతావి.

నల్లమల చదువరి (గిద్దలూరు)

మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పిన మొదటి మాట నాకు పూర్తిగా సమ్మతం. రెండోదాని దగ్గరే నా ప్రశ్న. అసలు కథ అంటే ఏది?

సిండ్రెల్లానే తీసుకోండి. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి మనకు ఫ్రాన్స్ దేశపు పెర్రో 1697లో రాసిన దాని నుంచి వచ్చాయి. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో వేసిన దాంట్లో గుమ్మడికాయ లేదు, దేవత లేదు. తల్లి సమాధి మీద మొలిచిన చెట్టే బట్టలిస్తుంది. ఇద్దరికంటే ముందు ఇటలీలో బసీలే చెప్పాడు, 1630ల్లో. వాళ్ళందరికంటే ఎనిమిదొందల ఏళ్ళు ముందు, 9వ శతాబ్దంలో, చైనాలో ‘యె షియెన్’ కథ రాసిపెట్టారు. అందులో ఆ పిల్లకు సాయం చేసేది చేప ఎముకలు.

పోనీ గ్రిమ్ సోదరులే అసలు అనుకుందామా? వాళ్ళ పుస్తకాన్ని వాళ్ళే 1857 దాకా మారుస్తూ ఏడు కూర్పులు వేశారు. 1812 కూర్పులో స్నోవైట్‌ను చంపమన్నది సవతి తల్లి కాదు, కన్నతల్లి. 1819లో సవతి తల్లిగా మార్చారు. హాన్సెల్, గ్రెటెల్‌ను అడవిలో వదిలేసింది కూడా మొదట కన్నతల్లే, 1840 కూర్పులో సవతి అయింది. కన్నతల్లి అలా చేస్తుందంటే చదివేవాళ్ళు తట్టుకోలేరని మార్చారు. అంటే రీటెల్లింగ్, ఈ మళ్ళీ చెప్పడం, ఇప్పటి ఫ్యాషన్ కాదు మాస్టారూ. అచ్చుకెక్కిన రోజునే అది రీటెల్లింగ్.

ఆ మార్పు వల్ల రెండొందల ఏళ్ళుగా సవతి తల్లులందరూ చెడ్డవాళ్ళయిపోయారు. నన్ను పెంచింది మా నాన్న రెండో భార్య. నేను అమ్మీ అనే పిలుస్తాను. అందుకే సవతి తల్లి వైపు నుంచి ఎవరైనా న్యాయంగా రాస్తే వెతుక్కుని మరీ చదువుతాను.

కావలి శైలు

చదువరి అన్నా, మీ చివరి మాట చదివి కాసేపు ఆగిపోయాను.

మాస్టారూ, మీ బాధ నాకూ ఉంది. అన్ని రీటెల్లింగులూ మంచివని నేననను. పేర్లు మార్చి, ఊరు మార్చి, రాకుమారుణ్ణి సాఫ్ట్‌వేర్ ఇంజినీరును చేసి వదిలేసేవి నాలుగు పేజీలు చదివి మూసేస్తాను. చెడ్డవాళ్ళను కడిగి ముత్యంలా చేసేవీ అంతే. నాకు నచ్చేవి వేరే. కథలో ఒక గట్టి ముడి ఉంటుంది. దాన్ని విప్పకుండా ఇంకోవైపు నుంచి చూపించేవి బాగుంటాయి. రపుంజెల్ కథలో తల్లిదండ్రులు పక్కింటి మంత్రగత్తె తోటలో ఆకుకూర కోసం కడుపులో బిడ్డను ఆమెకు ఇచ్చేస్తామని ఒప్పుకుంటారు. ఎంత ఘోరం! అయినా కథ వాళ్ళ గురించి మళ్ళీ ఒక్క ముక్క కూడా మాట్లాడదు. ఆ రాత్రి ఆ తల్లి ఏం చేసింది? ఆ ఆకు మళ్ళీ నోట్లో పెట్టుకోగలిగిందా? అది ఎవరైనా రాస్తే మంత్రగత్తె మంచిదీ కానక్కర్లేదు, చెడ్డదీ కానక్కర్లేదు.

బాలనాగమ్మలో కూడా నాకు అలాంటి చోటు ఒకటుంది. కొడుకు వచ్చి ‘అమ్మా’ అన్నప్పుడు ఆమెకు వాడెవరో తెలీదు. ఉయ్యాల్లో చూసిన బిడ్డ మీసాలొచ్చే వయసులో ఎదురుగా నిలబడ్డాడు. నాయనమ్మ ఆ చోట ఒక్క వాక్యంలో దాటేసేది. నేనైతే అక్కడ పదిపేజీలు ఆగుతాను.

ఒంగోలు టీచరమ్మ

నేను ప్రైమరీ స్కూల్లో చెబుతాను. పిల్లలకు ఈ తేడాలు చెబితే ఎంత హుషారో చెప్పలేను. కప్పరాజు కథలో రాకుమారి ముద్దు పెడితే కప్ప మనిషి అవుతుందని అందరికీ తెలుసు కదా. గ్రిమ్ పుస్తకంలో ముద్దూ లేదు, ఏమీ లేదు. తోడుంచుకుంటానని మాట ఇచ్చిన కప్ప మంచం ఎక్కుతాననేసరికి ఆమెకు ఒళ్ళు మండి దాన్ని ఎత్తి గోడకేసి కొడుతుంది, అప్పుడు మనిషి అవుతాడు. మా మూడో తరగతికి ఇది చెప్పాక మధ్యాహ్నం దాకా ఒకటే వాదన. ఏది న్యాయం, కప్ప చేసిందా, రాకుమారి చేసిందా? ఎప్పుడూ నోరెత్తని ఒక పాప లేచి ‘మాట ఇచ్చాక కొట్టకూడదు, కానీ మంచం మీదికి ఎక్కుతానంటే కొట్టాలి’ అంది.

తెలుగులో పిల్లల ఈ-పుస్తకాలు కావాలంటే ప్రథమ్ బుక్స్‌వాళ్ళ స్టోరీవీవర్ చూడండి. 2015లో మొదలైంది. అన్నీ ఉచితం, బొమ్మలతో ఉంటాయి, చదివే స్థాయిని బట్టి విడదీసి పెట్టారు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి రచయిత పేరు చెప్పి మనం అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు. నెట్ సరిగా రాని బడికి ఇంట్లో దించుకుని తీసుకెళ్తాను.

సముద్రపు పిల్ల (జువ్వలదిన్నె)

నేను ఇంగ్లీషు పుస్తకాలు పెద్దగా చదవలేదు. కానీ మీరందరూ చెప్పేది చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఏడు చేపల కథ అందరికీ తెలుసు కదా. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు, ఒకటి ఎండదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది అంటుంది. అట్టా చీమ దాకా పోతుంది.

మాది వేటకు పోయే ఇల్లు. అమ్మమ్మకు ఆ కథ అస్సలు నచ్చేది కాదు. చేపలు ఎండేసే మనిషికి తెలీదా ఎందుకు ఎండలేదో అనేది! అందుకని మాకు ఇంకో రకంగా చెప్పేది. నాకు గుర్తున్నట్టు రాస్తున్నా:

‘చేపా చేపా, ఎందుకు ఎండలేదు? ఇసక తడిగా ఉంది. ఇసకా ఇసకా, ఎందుకు తడిశావు? అల పైకొచ్చింది. అలా అలా, ఎందుకు పైకొచ్చావు? గాలి తోసింది. గాలీ గాలీ, ఎందుకు తోశావు? పడవలోళ్ళు వేటకు పోకూడదని తోశాను. ఎందుకు పోకూడదు? చేప కడుపుతో ఉంది, గుడ్లు పెట్టనీ.’

చిన్నప్పుడు ఇది ఊరికే పాటలాగా ఉండేది. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్ పెడతారు కదా, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడే అమ్మమ్మ ఇది చెప్పేది. దీన్ని కూడా రీటెల్లింగ్ అంటారా?

నల్లమల చదువరి (గిద్దలూరు)

అంటారా అని అడుగుతావేంది చెల్లీ! నేను ఈ ఏడాది చదివినవాటిలో ఇంత బాగున్నది ఇంకోటి లేదు. చీమ దగ్గర ఆగే కథను సముద్రం మీదికి తీసుకుపోయింది మీ అమ్మమ్మ. దయచేసి ఆమె గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టు.

గ్రిమ్ సోదరులకు కథలు చెప్పినవాళ్ళలో దొరోతియా ఫీమాన్ అని ఒకామె. దర్జీ భార్య. పెరట్లో పండిన కూరగాయలు కాసెల్ ఊళ్ళో అమ్ముకుని బతికేది. రెండో సంపుటంలో చాలా కథలు ఆమె చెప్పినవే. ఆమె బొమ్మ కూడా వేసి పుస్తకంలో పెట్టారు. మీ అమ్మమ్మలాంటి మనిషే.

పెన్నా గాలి (నెల్లూరు)

శైలు గారు అడిగిన రెండో ప్రశ్న మిగిలిపోయింది. ఈ-పుస్తకం అంటే మన దగ్గర చాలామంది పీడీఎఫ్ అనే అనుకుంటారు. పీడీఎఫ్‌లో పేజీ కొలత ఖాయం. ఫోన్‌లో అక్షరం పెద్దది చేస్తే పేజీ పక్కకు పోతుంది, ప్రతి వాక్యానికీ అటూ ఇటూ జరపాలి. చదివే సరదా అంతా అక్కడే చచ్చిపోతుంది. ఈపబ్ అలా కాదు. అక్షరం ఎంత పెంచితే అంతకు తగ్గట్టు వాక్యాలు సర్దుకుంటాయి. గుటెన్‌బర్గ్‌లో దించుకునేటప్పుడు ఈపబ్ అని ఉన్నదే నొక్కండి.

తెలుగులో ఈపబ్‌లు తక్కువగా ఉండటానికి ఒక కారణం ఉంది. మన ప్రెస్సుల్లో ఏళ్ళ తరబడి యూనికోడ్ (ఏ ఫోన్, కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాని ఫాంట్లలోనే టైపు చేశారు. ఆ ఫైలు ఇంకోచోట తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. మళ్ళీ మార్చి, దిద్దితే తప్ప ఈపబ్ కాదు. కొనుక్కునేవాటికి కినిగె ఉంది, 2010 నుంచి తెలుగు ఈ-పుస్తకాలు అమ్ముతున్నారు. పాతవాటికి తెలుగు వికీసోర్స్. అక్కడ ఒక పక్క స్కాన్ పేజీ, ఇంకో పక్క టైపు చేసిన పాఠం ఉంటాయి. వాలంటీర్లు ఒక్కో పేజీ దిద్దుతారు. ఆసక్తి ఉంటే మీరూ దిద్దొచ్చు.

రాత్రిళ్ళు లైటు తీసేసి ఫోన్‌లో చదవడం కళ్ళకు మంచిది కాదండీ. కనీసం గదిలో చిన్న లైటు ఉంచుకోండి. బాగా అలవాటైపోతే ఈ-ఇంక్ రీడరు కొనండి. కాగితం మీద చదివినట్టే ఉంటుంది.

పుస్తకాల పురుగు 77

ఫ్రెండ్స్, కొత్త ఇంగ్లీష్ రీటెల్లింగ్స్ మొత్తం పీడీఎఫ్‌లు టెలిగ్రామ్ గ్రూపులో ఫ్రీగా ఉన్నాయి. లింకు ఇదిగో: [తొలగించబడింది]

నిర్వాహకులు

లింకు తీసేశాం. బతికున్న రచయితల పుస్తకాలు దొంగతనంగా పంచుకోవడం ఇక్కడ కుదరదు. మన దేశంలో రచయిత కన్నుమూసిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. గ్రిమ్, పెర్రో, జేకబ్స్ కథలు ఇప్పుడు ఎవరి సొత్తూ కావు, ఎవరైనా మళ్ళీ చెప్పుకోవచ్చు. నిన్న వచ్చిన నవల అలా కాదు.

కావలి శైలు

నిర్వాహకులకు ధన్యవాదాలు. ఆ రాసేవాళ్ళలో చాలామందికి ఉద్యోగం ఒకపక్క, రాత్రిళ్ళు రాయడం ఒకపక్క. మనం కొంటేనే ఇంకోటి రాస్తారు. అచ్చు పుస్తకం కంటే ఈ-పుస్తకం చాలాసార్లు చవగ్గానే వస్తోంది. మొదటి కొన్ని పేజీలు ఉచితంగా చదవనిస్తారు కూడా. నచ్చితేనే కొంటున్నాను.

కందుకూరు మాస్టారు

పెన్నా గాలి అబ్బాయి చెప్పినట్టు మా మనవరాలు నా ఫోన్‌లో వికీసోర్స్ తెరిచి పెట్టింది. కాశీమజిలీ కథలు ఉన్నాయి అందులో! మధిర సుబ్బన్న దీక్షితులు గారివి. యతి ఒకాయన కాశీకి పోతూ, తోడుగా వచ్చిన పశువుల కాపరి కుర్రాడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు. ఎక్కడైనా వింత చూసి ఆ కుర్రాడు దాని కథేమిటని అడగాలి, ఈయన చెప్పాలి, అదీ షరతు. నాకు శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి అచ్చు పుస్తకం పట్టుకుంటే కళ్ళు నీళ్ళు కారేవి. ఇప్పుడు అక్షరం చిటికెన వేలంత చేసుకుని చదువుతున్నాను. మజిలీ దాటి మజిలీ పోతోంది, మధ్యాహ్నం నిద్ర కూడా మానేశాను.

చదువరీ, నువ్వు చెప్పిన తేదీలన్నీ రాసుకున్నాను. అయినా నా మాట నాదే. పిల్లలకు మొదట ఒక కథ గట్టిగా చెప్పాలి, మంచీ చెడూ తేల్చి చెప్పాలి. అది పెర్రోది అయినా సరే, చైనాది అయినా సరే, వాళ్ళ అవ్వది అయినా సరే. ఆ తర్వాత దాన్ని ఎన్ని రకాలుగా తిప్పినా వాళ్ళకు దారి తప్పదు.

నల్లమల చదువరి (గిద్దలూరు)

ఒప్పుకున్నాను మాస్టారూ, ‘వాళ్ళ అవ్వది అయినా’ అన్నారు కదా, ఇంక నాకు పేచీ లేదు.

శైలు గారూ, మీకింకొకటి. మన పక్కనే కన్నడంలో ‘హంచి’ అని సిండ్రెల్లా కథ ఉంది. ఏ.కె. రామానుజన్ గారు సేకరించి ఇంగ్లీషులో పెట్టారు. ఆ పిల్లకు బంగారు జుట్టు. సొంత అన్నే ఆమెను పెళ్ళి చేసుకుంటానని పట్టుబడితే, తల్లి మట్టితో ముఖానికి తొడుగు చేయించి ఇల్లు దాటిస్తుంది. మట్టి ముఖంతోనే పరాయి ఇంట వంటపని చేసుకుని బతుకుతుంది. గాజు చెప్పు కథంతా ఎవరో వచ్చి గుర్తుపట్టాలని చూస్తుంది. హంచి తనను ఎవరూ గుర్తుపట్టకూడదని చూస్తుంది. మీకు ముడి ఉన్న కథలు ఇష్టం అన్నారు కాబట్టి చెబుతున్నా.

కావలి శైలు

అన్నా, ఇది నాకు తెలీదు! ఇవాళే వెతుకుతా. తల్లి చేతుల్లో ఆ మట్టి ముఖం తయారవుతున్న గంట, అది ఎవరైనా రాశారా? రాయకపోతే నేనే రాసి ఇక్కడ పెడతాను, మీరంతా దిద్దాలి.

ఒంగోలు టీచరమ్మ

సముద్రపు పిల్లా, మీ అమ్మమ్మ ఏడు చేపల కథ మా తరగతిలో చెప్పుకోవచ్చా? స్టోరీవీవర్‌లో బొమ్మలు జతచేసి చిన్న పుస్తకంగా కూడా చేయొచ్చు. మీ అమ్మమ్మ పేరే రచయితగా పెడదాం. అక్కడ పెడితే ఎవరైనా మార్చుకోవచ్చు, వేరే భాషలోకి తీసుకోవచ్చు. ఆ సంగతి ముందే ఆమెకు చెప్పి అడగండి.

సముద్రపు పిల్ల (జువ్వలదిన్నె)

అడిగాను టీచర్. ఎవురైనా చెప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఏం పర్లేదు అంది. కానీ బొమ్మల్లో చేపల్ని రాజుగారి మేడ మీద ఎండేస్తే ఒప్పుకోదంట. ఇసక మీద వల పరిచి, దాని మీదే ఎండేయాలంట. ఆదివారం రికార్డు చేసి పంపిస్తా.